చైనా గ్రాస్ నుంచి నోరి దాకా: నాచు పీచును పేగుకి ఎలా అలవాటు చేయాలి

ఫలూదాలోనో ఫ్రూట్ సలాడ్‌లోనో తెల్లగా అల్లల్లాడే జెల్లీ ముక్కలు ఎప్పుడైనా తిన్నారా? అవి చైనా గ్రాస్‌తో చేసినవైతే మీరు ఇప్పటికే సముద్రపు నాచు తిన్నట్టే. కిరాణా కొట్లో చిన్న ప్యాకెట్లలో దొరికే ఆ తెల్లటి పోగులు అసలు గడ్డే కాదు. ఎర్ర నాచును ఉడకబెట్టి, వడకట్టి, ఆ జిగురును ఆరబెడితే వచ్చే అగర్ అది. దాదాపు మొత్తం పీచే. తమిళనాడులో రామేశ్వరం, మండపం వైపు తీరంలో మత్స్యకార మహిళలు నీళ్లలో మునిగి ఇలాంటి ఎర్ర నాచును చేత్తో కోసుకొస్తారు. కాబట్టి సీవీడ్ అనగానే అదేదో జపాన్ వాళ్ల వ్యవహారమని భయపడనక్కర్లేదు.

భయం కన్నా అతి నమ్మకంతోనే ఎక్కువ ఇబ్బంది. నాచు పీచు తింటే పేగులో మంచి బ్యాక్టీరియా పెరుగుతుందని, షుగర్ దిగుతుందని, బరువు తగ్గుతుందని మూడు మాటలూ ఒకే ఊపులో చెప్పేస్తుంటారు. ఈ మూడూ ఒకే పీచు వల్ల, ఒకే దారిలో జరిగేవి కావు. అది తెలియకుండా కొంటే డబ్బు దండగ. తెలిస్తే ఏది కొనాలో, ఎంత తినాలో, పని చేసిందో లేదో మీరే చూసుకోవచ్చు.

మొదటి అడుగు: మీకు జిగురు కావాలా, మేత కావాలా?

సబ్జా గింజలు నీళ్లలో వేస్తే కాసేపటికి చుట్టూ జిగురు కమ్ముకుంటుంది కదా. నాచు పీచు చేసే మొదటి పని అలాంటిదే. గోధుమరంగు నాచుల గోడల్లో ఆల్జినేట్ అనే పీచు ఉంటుంది. స్కాట్లండ్ తీరపు నాచు మీద పని చేస్తూ స్టాన్‌ఫర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త 1881లో దాన్ని వేరుచేశాడు. కడుపులోని ఆమ్లం తగిలినా, ఆహారంలోని కాల్షియం తగిలినా అది గడ్డ కడుతుంది. గుండెల్లో మంటకి ఇచ్చే కొన్ని సిరప్‌ల వెనక సోడియం ఆల్జినేట్ అని చూసే ఉంటారు. ఆ గడ్డే కడుపులో తెట్టులా తేలి ఆమ్లం పైకి తన్నకుండా ఆపుతుంది. అన్నంతో పాటు ఇలాంటి జిగురు ఉంటే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, గ్లూకోజ్ రక్తంలోకి ఒక్కసారిగా దూకకుండా మెల్లగా ఎక్కుతుంది, ఆకలి కాస్త ఆలస్యంగా వేస్తుంది. దీన్ని ఇక్కడ జిగురు పని అందాం. దీనికి మీ పేగులో ఏ బ్యాక్టీరియా ఉందన్న దానితో నిమిత్తం లేదు.

దీని మీద మనుషుల్లో చేసిన పరీక్షలు ఉన్నాయి. 2005లో జపాన్ పరిశోధకులు ఊబకాయంతో పాటు షుగర్ ఉన్న, లేదా షుగర్ అంచున ఉన్న 76 మందిని రెండు జట్లు చేశారు. రెండు జట్లకూ ఒకే రకం డైట్. ఒక జట్టుకి మాత్రం రాత్రి భోజనానికి ముందు అగర్ జెల్లీ. 12 వారాల తర్వాత జెల్లీ తిన్నవాళ్లు సగటున 2.8 కిలోలు, తిననివాళ్లు 1.3 కిలోలు తగ్గారు. అదే మన చైనా గ్రాస్!

డెన్మార్క్‌లో 2012లో వచ్చిన ఇంకో పరీక్ష కొంచెం చేదు నిజం చెప్పింది. తక్కువ కేలరీల డైట్‌లో ఉన్న 96 మందిలో కొందరికి భోజనాలకి ముందు ఆల్జినేట్ కలిపిన డ్రింక్ ఇచ్చారు, రోజు మొత్తం మీద 15 గ్రాముల పీచు. 12 వారాలు చివరిదాకా నిలబడిన 80 మందినే లెక్కేస్తే ఆల్జినేట్ జట్టు 6.8 కిలోలు, రెండో జట్టు 5 కిలోలు తగ్గాయి. మధ్యలో మానేసినవాళ్లనీ కలిపి లెక్కేస్తే ఆ తేడా నిలవలేదు. రోజూ తాగగలిగిన వాళ్లకే ఫలితం అన్నమాట. చిక్కటి జిగురు డ్రింకు పూటపూటా మూడు నెలలు తాగడం ఎంతమంది వల్ల అవుతుందో మీరే ఊహించుకోండి.

ఇక రెండోది మేత పని. చిన్నపేగు అరిగించుకోలేని పీచు పెద్దపేగుకి చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది. బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన ఇంధనం. ఈ ఆమ్లాలు పేగు గోడలోని కొన్ని కణాలను తట్టి జీఎల్‌పీ-1 వంటి ఆకలి తగ్గించే హార్మోన్లు విడుదలయ్యేలా చేస్తాయి. ఇప్పుడు అందరి నోటా నలుగుతున్న బరువు తగ్గే ఇంజెక్షన్లు అనుకరించేది ఈ హార్మోన్‌నే. ఆ ఒక్క పోలిక పట్టుకుని "ఇంజెక్షన్ బదులు నాచు" అని అమ్మేవాళ్లు తయారయ్యారు. ఇంజెక్షన్‌లోని మందు రక్తంలో రోజుల తరబడి నిలిచి పని చేస్తుంది, పేగు నుంచి వచ్చే హార్మోన్ నిమిషాల్లో కరిగిపోతుంది. రెంటినీ ఒక గాటన కట్టకండి.

మేత పనిలో అసలు మెలిక వేరే ఉంది. పీచు పెట్టగానే సరిపోదు, దాన్ని కోసే కత్తెర ఉన్న బ్యాక్టీరియా మీ పేగులో ఉండాలి. నాచు పీచుల నిర్మాణం నేల మీద పండే గింజల, కూరగాయల పీచు లాంటిది కాదు. చాలా వాటికి సల్ఫేట్ ముక్కలు అతుక్కుని ఉంటాయి. వాటిని తెంపాలంటే ప్రత్యేకమైన ఎంజైములు కావాలి.

ఇక్కడో మంచి కథ ఉంది. ఫ్రాన్స్‌లోని రోస్కోఫ్ సముద్ర పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు సుషీకి వాడే నోరి నాచులోని పోర్ఫిరాన్ అనే పీచును కోసే ఎంజైమును ఒక సముద్రపు బ్యాక్టీరియాలో కనుక్కున్నారు. అలాంటి జన్యువులు ఇంకెక్కడున్నాయా అని వెతికితే జపాన్ మనుషుల పేగులో ఉండే బ్యాక్టీరాయిడిస్ ప్లెబియస్ అనే బ్యాక్టీరియాలో దొరికాయి. వాళ్లు పోల్చి చూసిన ఉత్తర అమెరికా వాళ్ల నమూనాల్లో దొరకలేదు. 2010లో నేచర్ పత్రికలో ఇది వచ్చింది. జపాన్ వాళ్లు నాచుతో పన్నులు కట్టిన రోజులు ఎనిమిదో శతాబ్దంలోనే ఉన్నాయి. తరతరాలుగా నాచు తింటుంటే, దాని మీద అంటుకుని వచ్చిన సముద్రపు బ్యాక్టీరియా తన జన్యువులను పేగులోని బ్యాక్టీరియాకి అప్పగించిందని వాళ్ల వివరణ. తాతల నాటి ఆస్తి అంటే ఇదే.

తర్వాత 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఇంకో మెట్టు ఎక్కారు. పోర్ఫిరాన్ తినగల బ్యాక్టీరియాను ఎలుకలకు ఇచ్చి, ఆహారంలో పోర్ఫిరాన్ పెంచితే ఆ బ్యాక్టీరియా పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. మేత ఉన్నంతసేపే మంద ఉంటుంది.

మరి నాచు తినే అలవాటు లేని మన ఇళ్లలో మేత పని జరగదా? పీచును బట్టి ఉంటుంది. గోధుమరంగు నాచులోని లామినారిన్ ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్‌కి చుట్టమే, దాన్ని మామూలు పేగు బ్యాక్టీరియాలో చాలా రకాలు తినగలవు. ఆల్జినేట్ అంత తేలిక కాదు, నెమ్మదిగా పులుస్తుంది. 1995లో జపాన్‌లో ఎనిమిది మంది మగవాళ్లకి రెండు వారాలు రోజుకు 10 గ్రాముల ఆల్జినేట్ ఇస్తే మంచివని పేరున్న బిఫిడోబ్యాక్టీరియా పెరిగింది. ఎనిమిది మందే, అదీ జపాన్ వాళ్లే అన్నది గుర్తుంచుకోండి. అగర్, ఎర్ర నాచు నుంచే వచ్చే ఇంకో పీచు కారగీనన్ అయితే చాలామందిలో పెద్దగా పులియకుండానే బయటికి పోతాయి.

కాబట్టి మీకు కావలసింది అన్నం తిన్నాక షుగర్ ఎగబాకకుండా ఉండటమో, రాత్రి తిండి తగ్గడమో అయితే చైనా గ్రాస్ చాలు. పేగు బ్యాక్టీరియాకి కొత్త రకం మేత పెట్టి చూద్దామనుకుంటే వకామే లాంటి గోధుమరంగు నాచు. నోరి రుచికి బాగుంటుంది, పీచూ ఉంటుంది, కానీ దానిలోని పోర్ఫిరాన్ మనకి పూర్తిగా అందుతుందని లెక్క వేసుకోకండి.

రెండో అడుగు: మీరు తినొచ్చా?

ఇది దాటేసి కింద వంటల దగ్గరికి వెళ్లకండి.

థైరాయిడ్ ఉన్నవాళ్లకి నాచుతో అసలు చిక్కు అయోడిన్. అది తక్కువైనా థైరాయిడ్ మొరాయిస్తుంది, ఎక్కువైనా మొరాయిస్తుంది. పెద్దవాళ్లకి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. అమెరికా వాళ్లు పెట్టుకున్న పైహద్దు 1100, యూరప్ వాళ్లది 600. మన అయోడైజ్డ్ ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి, అంటే అయిదు గ్రాముల ఉప్పుతోనే 75 మైక్రోగ్రాములు వచ్చేస్తుంది. నోరిలో గ్రాముకు 16 నుంచి 43 మైక్రోగ్రాముల దాకా కొలిచారు. మూడు గ్రాముల షీటు ఒకటి తింటే 50 నుంచి 130. పర్వాలేదు. వకామేలో అంతకన్నా ఎక్కువే. కొంబు అనే గోధుమరంగు నాచు మాత్రం వేరే లోకం, ఒక్క గ్రాములోనే వెయ్యి మైక్రోగ్రాములు దాటడం మామూలు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కొంబు జోలికి అసలు వెళ్లొద్దు. నోరి, వకామే మొదలుపెట్టే ముందు కూడా డాక్టరుతో ఒక మాట అనుకుని, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. రెండు నెలల తర్వాత మళ్లీ చేయించుకుంటే తేడా తెలుస్తుంది. అగర్‌లో అయోడిన్ బాధ పెద్దగా లేదు, తయారీలోనే చాలా భాగం పోతుంది.

రక్తం పలచబడే వార్ఫరిన్, ఎసిట్రామ్ లాంటి మందులు వాడేవాళ్లకి ఆకుకూరల గురించి డాక్టర్లు చెప్పే జాగ్రత్తే ఇక్కడా. నాచులో విటమిన్ కె ఉంటుంది. ఒక వారం తిని, ఒక వారం మానేస్తే ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే అంకె, గాడి తప్పుతుంది. గోధుమరంగు నాచు నుంచి తీసే ఫ్యుకోయిడాన్ అనే పీచు క్యాప్సూల్స్ అయితే ఇంకా చిక్కు, దానికే రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పొటాషియం సంగతి చూసుకోవాలి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ని గట్టిగా దింపే మాత్రలు గానీ వాడుతుంటే భోజనం ముందు జిగురు తినడం వల్ల గ్లూకోజ్ ఆలస్యంగా ఎక్కి, మందు ముందే పని చేసి, మధ్యలో లో షుగర్ వచ్చే ప్రమాదం ఉంది. వీళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు, ఇదివరకు పేగు మూసుకుపోయి ఆపరేషన్ అయినవాళ్లు దీన్ని వదిలేయండి.

మాత్రలు ఏవైనా సరే, జెల్లీతో కలిపి వేసుకోకండి. జిగురు వాటిని కూడా పట్టి ఉంచుతుంది. రెండు గంటల ఎడం ఉంచండి.

మూడో అడుగు: ఏం కొనాలి, ఏం వదిలేయాలి

చైనా గ్రాస్ పోగులుగానూ, పొడిగానూ దొరుకుతుంది. ప్యాకెట్ వెనక అగర్ అని గానీ ఐఎన్ఎస్ 406 అని గానీ ఉందో లేదో చూడండి. జెలటిన్ వేరు, అది జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసేది, పీచు కాదు, ప్రొటీన్. "జెల్లీ క్రిస్టల్స్" అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం పంచదారే, వాటితో ఈ పని కాదు.

నోరిలో రెండు రకాలు. సుషీకి వాడే పెద్ద షీట్లు ఒట్టివి. చిన్న ముక్కలుగా నూనె, ఉప్పు రాసి వేయించి అమ్మేది కొరియా స్నాక్. పిల్లలు లాగించేస్తారు, కానీ ఉప్పు చూడండి. విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఏషియన్ స్టోర్లలో అన్నీ దొరుకుతాయి. అక్కడే హిజికి అని నల్లటి పోగుల నాచు కూడా పెడతారు. అందులో ఇనార్గానిక్ ఆర్సెనిక్ అనే విషపదార్థం ఎక్కువని కెనడా 2001లో, బ్రిటన్ 2004లో తినొద్దని చెప్పాయి. కొనకండి.

స్పిరులినా నాచు పీచు లెక్కలోకి రాదు. అది క్షార గుణం ఉన్న నీటి సరస్సుల్లో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా (సయానోబ్యాక్టీరియా), ఎక్కువగా ప్రొటీన్. దుకాణంలో పక్కపక్కనే పెడతారు కాబట్టి చాలామంది ఒకటే అనుకుంటారు.

ఐస్‌క్రీములు, ఫ్లేవర్డ్ మిల్క్ లాంటి వాటి లేబుల్ మీద 407 అని కనిపిస్తే అది కారగీనన్, ఎర్ర నాచు నుంచి వచ్చేదే. 400 నుంచి 404 దాకా ఆల్జినేట్లు. అవి చిక్కదనం కోసం చిటికెడు వేస్తారు, ఆ చాక్లెట్ పాలు తాగి "నాచు పీచు తిన్నాం" అనుకోకండి. పైగా కారగీనన్ మీద 2024లో జర్మనీ పరిశోధకులు 20 మంది యువకులతో చేసిన చిన్న పరీక్ష ఒకటుంది. రెండు వారాలు రోజుకు రెండుసార్లు 250 మిల్లీగ్రాములు ఇచ్చారు. మొత్తం మీద ఇన్సులిన్ పనితీరులో తేడా రాలేదు గానీ, బరువు ఎక్కువున్న వాళ్లలో అది తగ్గింది. నాచు నుంచి వచ్చిన ప్రతిదీ పేగుకి మంచిదే అనుకోవడానికి లేదని చెప్పడానికి ఈ ముక్క.

విశాఖలో తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద పచ్చగా పట్టిన నాచు చూసి "ఇదే కదా" అనిపిస్తుంది. నిజమే, అక్కడ దొరికే అల్వా తినే జాతుల్లో ఒకటి. కానీ నాచు నీళ్లలో ఉన్న లోహాలను కూడా పీల్చుకుంటుంది. ఊరి మురుగు, ఓడరేవు ఉన్న తీరంలో ఏరుకొచ్చి వండుకోవద్దు. ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్లుతున్నది అసలే వద్దు.

నాలుగో అడుగు: మెల్లగా, ఒక్కొక్కటిగా

చైనా గ్రాస్, నోరి, వకామే మూడూ ఒకే వారం మొదలుపెడితే కడుపు ఉబ్బరం ఎవరి పుణ్యమో తెలియదు. ఒకదానితో మొదలుపెట్టి రెండు వారాలు అదే ఉంచండి.

చైనా గ్రాస్ అయితే మొదటి వారం రాత్రి భోజనానికి పావుగంట ముందు అరకప్పు జెల్లీ. ఏ ఇబ్బందీ లేకపోతే రెండో వారం కప్పు చేయండి. అంతకు మించి వద్దు. నోరి అయితే రోజు విడిచి రోజు సగం షీటు, తర్వాత రోజుకొక షీటు. వకామే వారానికి రెండుసార్లు, ఎండు నాచు టీస్పూను, అంతే.

నీళ్లు మామూలు కన్నా రెండు గ్లాసులు ఎక్కువ తాగండి. పీచు పెంచి నీళ్లు పెంచకపోతే విరేచనం సాఫీ అవడం మాట అటుంచి బిగుసుకుంటుంది. మొదటి వారం గ్యాస్ రావడం మామూలే. నొప్పి, వాంతి, రెండు రోజులైనా విరేచనం కాకపోవడం మామూలు కాదు. అప్పుడు ఆపేయండి.

అయిదో అడుగు: మన వంటింట్లో

చైనా గ్రాస్ జెల్లీని పంచదార, పాలతోనే చేయాలని ఎక్కడా లేదు. షుగర్ కోసం తినేదాన్ని పంచదారతో చేస్తే ఇంకేం లాభం! నేను చేసేది మజ్జిగ జెల్లీ. పది గ్రాముల ప్యాకెట్‌కి లీటరు ద్రవం లెక్క. పోగులైతే అరగంట నానబెట్టి, ఒకటిన్నర లోటా, అంటే సుమారు 600 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి మరిగించండి. వేడెక్కితే చాలదు, తెర్లాలి. పోగులన్నీ కరిగి నీళ్లు తేటగా అయ్యేదాకా సన్న సెగ మీద ఉంచి కలుపుతుండండి. ఈలోపు 400 మిల్లీలీటర్ల మజ్జిగలో ఉప్పు, జీలకర్ర పొడి, దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి పెట్టుకోండి. మజ్జిగ ఫ్రిజ్‌లోంచి తీసినది కాకూడదు. చల్లటి మజ్జిగలో పోస్తే అగర్ అక్కడికక్కడే పోగులు పోగులుగా బిగుసుకుని విరిగిన పాలలా ఉంటుంది. మొదటిసారి నాకు అలాగే అయింది, పారబోయలేక స్పూనుతో తిన్నాను. అగర్ ద్రావణం కాస్త చల్లారాక, ఆవిరి తగ్గి ఇంకా బాగా వెచ్చగా ఉండగానే, మజ్జిగలో పోసి గబగబా కలిపి పళ్లెంలో పోసేయండి. 40 డిగ్రీల లోపుకి వస్తే చాలు, ఫ్రిజ్ లేకుండానే గట్టిపడుతుంది. ముక్కలు కోసుకుంటే అయిదు కప్పులు, కప్పుకి రెండు గ్రాముల అగర్. ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండు మూడు రోజుల్లో తినేయండి.

నిమ్మరసం వేసుకోవాలంటే దింపాకే వేయండి. పులుపుతో కలిపి మరిగిస్తే అగర్ పట్టు సడలుతుంది. పొడి అగర్‌ని నీళ్లలో కలుపుకుని అలాగే తాగేద్దామని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. గొంతులో, అన్నవాహికలో ఉబ్బి అడ్డం పడుతుంది.

నోరితో కందిపొడి బాగా కుదురుతుంది. మామూలుగా కందిపొడికి ఏం వేయించుకుంటారో అవే వేయించుకోండి. నాలుగు నోరి షీట్లు పెనం మీద చిటపటలాడేదాకా, అంటే అర నిమిషం, అటూ ఇటూ తిప్పి నలిపి, చివర్లో వేసి మిక్సీ తిప్పండి. ఉప్పు సగమే వేయండి, నోరికి సొంత ఉప్పదనం ఉంది. పొడి వేయించేటప్పుడు వచ్చే వాసన గురించి ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. పూర్తి శాకాహారమే, కానీ చేపల వీధి గుర్తొస్తుంది. శాకాహారులున్న ఇంట్లో చెప్పకుండా చేస్తే పంచాయితీ తప్పదు.

వకామే ఎండు ముక్కలు చూడ్డానికి టీ పొడిలా ఉంటాయి. పది నిమిషాలు నీళ్లలో వేస్తే దాదాపు పదింతలు అవుతాయి, కాబట్టి గుప్పెడు వేసి కంగారు పడకండి. ఆ నానిన నీళ్లు పారబోయండి, అయోడిన్‌లో కొంత, ఉప్పు కొంత అందులోకి దిగుతాయి. నానిన ముక్కల్లోని నీళ్లు పిండేసి, చారు దింపే ముందు వేస్తే సరి. మిరియాల చారులో బాగుంటుంది. చింతపండు ఎక్కువైన చారులో నాకు నచ్చలేదు. పెసరపప్పులో తోటకూర వేసినట్టు వేసుకోవచ్చు.

ఆరో అడుగు: పని చేస్తోందో లేదో కొలవండి

జిగురు పని కొలవడం తేలిక. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒకే రకం భోజనం, ఒకే కొలత, ఒకే వేళ పెట్టుకోండి. ఉదాహరణకి రాత్రి రెండు కప్పుల అన్నం, పప్పు, అదే కూర. రెండు రోజులు జెల్లీతో, రెండు రోజులు జెల్లీ లేకుండా. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద పెట్టిన గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి చూసి రాసుకోండి. ఆ రోజు నడక ఎక్కువైనా, నిద్ర తక్కువైనా అంకె మారుతుంది, అది కూడా పక్కన రాయండి.

అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. గ్లూకోమీటర్లకి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే 100 పైన 15 శాతం అటూ ఇటూ చూపించే వీలుంది. అసలు 160 ఉంటే మీటరు 136 అన్నా 184 అన్నా ప్రమాణంలోపే. కాబట్టి జెల్లీ తిన్న రోజు పది పాయింట్లు తగ్గిందని సంబరపడకండి, పది పెరిగిందని టెన్షన్ పడకండి. రెండు జతల్లోనూ గంట దగ్గరి అంకె ముప్పై, నలభై తేడాతో ఒకే వైపు ఉంటే అప్పుడు ఏదో జరుగుతున్నట్టు. ఈ పరీక్ష చూసుకుని మందులు మాత్రం మీరే తగ్గించుకోకండి. మూడు నెలల హెచ్‌బీఏ1సీ చూసి డాక్టరు చెప్పాలి.

మేత పనిని ఇంట్లో కొలవడం కష్టం. మలం నమూనా పంపిస్తే బ్యాక్టీరియా జాబితా ఇచ్చే పరీక్షలు వేలకి వేలు తీసుకుంటాయి. ఆ జాబితాలో ఒక బ్యాక్టీరియా మూడు శాతం నుంచి నాలుగు శాతం అయిందంటే దానితో మీరు చేయగలిగింది ఏమీ లేదు. నా మటుకు ఆ డబ్బుతో ఆరు నెలల కూరగాయలు కొంటాను. బదులుగా ఒక నోటుబుక్కులో విరేచనం ఎలా ఉంది, గ్యాస్ ఉందా, సాయంత్రం ఆకలి ఎప్పుడేసింది అని మూడు ముక్కలు నాలుగు వారాలు రాయండి.

ఏడో అడుగు: మిగతా కంచం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన రెండు వేల కేలరీల తిండిలో 30 గ్రాముల దాకా పీచు ఉండాలి. ఒక నోరి షీటులో గ్రాము పీచు. కప్పు చైనా గ్రాస్ జెల్లీలో రెండు గ్రాములు. మిగతా 27 గ్రాములు ఎక్కడి నుంచి రావాలి? గోరుచిక్కుడు, బొబ్బర్లు, ఉలవలు, జొన్న రొట్టె, జామకాయ నుంచే. ఇవి మన పేగు బ్యాక్టీరియాకి తాతల నాటి మేత. వీటికి కత్తెరలు ఉన్నాయా లేవా అని వెతకనక్కర్లేదు.

జిగురు పనికి కూడా నాచు ఒక్కటే దిక్కు కాదు. నానబెట్టిన మెంతులు, ఇసబ్గోల్ ఊక ఇదే పని చేస్తాయి, చవకగా, అయోడిన్ భయం లేకుండా. అయినా చైనా గ్రాస్‌కి ఒక సుగుణం ఉంది. చేదు లేదు, నమలడానికి ముక్కలా ఉంటుంది, రాత్రి తొమ్మిదింటికి ఫ్రిజ్ తలుపు తీసే చేతికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఇసబ్గోల్ గ్లాసు చూసి మొహం తిప్పుకునే మా ఇంటి పెద్దాయన మజ్జిగ జెల్లీ మాత్రం అడిగి మరీ తింటాడు.

ఆరు వారాలు చూడండి. నోటుబుక్కులో, మీటరులో ఏ తేడా లేకపోతే ఆపేయండి. మిగిలిన నోరి షీట్లు వానాకాలం గాలికి ఒక్క రాత్రిలో మెత్తబడిపోతాయి. ప్యాకెట్‌లో వచ్చిన సిలికా జెల్ పొట్లంతో సహా గట్టి మూత డబ్బాలో పెట్టండి, కందిపొడికి పనికొస్తాయి.